కర్త కనిపించని క్రియ – పునీత జెరోము జీవితము

మన మేత్రాసన శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదకవర్గము వారు కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదుమా అని మేము చాల దినములు ఆలోచించాము. మేత్రాసన చరిత్ర వ్రాయుటకు మాకంటె యోగ్యులు ఉన్నారు. మఠకన్యల సేవను గూర్చియు, బడులను గూర్చియు, వైద్యశాలలను గూర్చియు ఈ సంచికలో పెద్దలు వ్రాస్తున్నారు. చివరకు మా బాల్యమున కంఠస్థమై, అర్థము మాత్రము తెలియని ఒక మాటయే మాకు దారి చూపినది.

మనలో డెబ్బది ఐదేండ్లు దాటినవారికి జ్ఞాపకము ఉండును. రెండవ వాటికను మహాసభ (1962-65) వరకు మన దేవాలయములలో దివ్యబలిపూజ లతీను భాషలో జరిగేది. పీఠము మెట్ల దగ్గర మోకరించి గురువుకు జవాబులు చెప్పే బాలురలో మేమును ఉండేవారము. కొన్‌ఫీతెయోర్ అని మొదలయ్యే ప్రార్థనను చిలుకపలుకుల వలె అప్పగించేవారము. ఎక్కడ రొమ్ము కొట్టుకొనవలెనో తెలుసు, ఎందుకు కొట్టుకొనుచున్నామో తెలియదు. కొంత కాలమునకు ఒక గురువు మాకు లతీను అక్షరాలు నేర్పుచు, ఈ మాట చూచుటకు కర్మణి ప్రయోగము, అర్థములో మాత్రము కర్తరి ప్రయోగము, మరచిపోవద్దు అని చెప్పారు. నేను ఒప్పుకొనుచున్నాను అని దాని అర్థము. వేషము ఒకటి, పని మరొకటి. ఆ చిన్న పాఠము మమ్ములను ఇన్నాళ్లు వదలలేదు.

ఆ పాఠమును ఐరోపా బాలురకు వేయి ఏండ్లకు పైగా నేర్పిన పుస్తకము దొనాతుసు అను రోమా నగరపు పంతులుగారిది. ఆ పంతులుగారి దగ్గర కూర్చుండి చదువుకొన్న బాలుడే, తరువాత పరిశుద్ధ గ్రంథమును లతీను భాషలో మనకు అందించిన పునీత జెరోము. కావున ఆ మహనీయుని జీవితమును, ఆయన జీవితమంతయు పెనుగులాడిన ఈ కర్మణి ప్రయోగమును కలిపి మన సంఘ సభ్యులకు చెప్పవలెనని తలచాము. వ్యాకరణము అనగానే పుట తిప్పవద్దని మనవి. మనము ప్రతిదినము చేసే ప్రార్థనలలోని మాటలే ఇందులో వచ్చును.

బాల్యము, బడి

జెరోము గారి లతీను పేరు యూసేబియుసు హియెరోనిముసు. డల్మాతియ, పన్నోనియ అను రెండు రోమను రాష్ట్రముల సరిహద్దున ఉన్న స్త్రిదోను అను చిన్న పట్టణమున సుమారు 347లో క్రైస్తవ కుటుంబములో జన్మించారు. గోతు జాతివారు ఆ పట్టణమును తరువాత నాశనము చేశారు. నేడు అది ఏ చోట ఉండినదో నిశ్చయముగా చూపగలవారు లేరు. తండ్రి కలిగినవాడు గనుక కుమారుని చదువుకు రోమా నగరము పంపాడు. అక్కడ దొనాతుసు గారి బడిలో వ్యాకరణము సాగినది.

దొనాతుసు గారి చిన్న వ్యాకరణము మన జ్ఞానోపదేశము పుస్తకము వలె ప్రశ్నలు, జవాబులు. క్రియలు ఐదు విధములని అందులో చెప్పారు. ఓ అను అక్షరముతో ముగిసి, చివర ర్ చేర్చగానే కర్మణిగా మారేవి మొదటి విధము. ఆమో అనగా ప్రేమించుచున్నాను, ఆమోర్ అనగా ప్రేమింపబడుచున్నాను. అట్లు ర్ చేరిన కర్మణి రూపములు రెండవ విధము. ఓ తోనే ముగిసినను ర్ చేర్చుటకు వీలులేని నిలుచు, పరుగెత్తు వంటి క్రియలు మూడవ విధము. ర్ తోనే పుట్టి, దానిని తీసివేసినచో భాషలో నిలువని క్రియలు నాలుగవ విధము. వీటిని దేపోనెన్స్ క్రియలు అంటారు. రూపము కర్మణి, అర్థము కర్తరి. మాటలాడు అను అర్థముగల లోక్వోర్ ఇట్టిది. కొన్‌ఫీతెయోర్ కూడ ఈ గుంపులోనిదే. రెండు అర్థములను మోసే కొద్ది క్రియలు ఐదవ విధము.

కర్మణి అనగా ఏమిటో మన బడిలోను చెప్పారు. దావీదు గొల్యాతును చంపెను అనుట కర్తరి. గొల్యాతు దావీదుచేత చంపబడెను అనుట కర్మణి. లతీనులో చేసిన మనిషిని చెప్పవలెనన్న ఆ లేక ఆబ్ అను చిన్న మాటను ముందు పెట్టవలెను. చేసిన సాధనమును చెప్పుటకు ఆ మాట అక్కరలేదు, నామము చివర మార్చిన చాలును. మనము దావీదుచేత, రాతితో అని వేరువేరుగా చెప్పినట్లే. అయితే కర్మణికి ఒక గుణము కలదు. దావీదుచేత అను మాటను తీసివేసినను వాక్యము నిలుచును. గొల్యాతు చంపబడెను. ఎవరు చంపారో చెప్పకయే పని చెప్పవచ్చును. ఈ గుణములోనే దాని అందమును ఉన్నది, అపాయమును ఉన్నది.

జరిగిపోయిన పనిని చెప్పునప్పుడు లతీను కర్మణి రెండు మాటలుగా విడిపోవును. స్క్రిప్తుమ్ ఎస్త్ అనగా వ్రాయబడినది, వ్రాయబడి యున్నది. ఎస్త్ అనగా ఉన్నది గనుక క్రొత్తగా నేర్చుకొనే బాలురు దానిని వ్రాయబడుచున్నది అని తప్పుగా చెప్పి దెబ్బలు తినేవారు. మన తెలుగులో వ్రాయబడి యున్నది అని పెద్దలు పెట్టిన మాట దానికి చక్కగా అతికినది. ఒకప్పుడు వ్రాశారు, నేటికిని నిలిచి యున్నది అను రెండు భావములును అందులో ఉన్నవి.

మనము ఆదివారము చెప్పు విశ్వాస సంగ్రహమునే చూడండి. ప్రభువును గూర్చి లతీనులో వచ్చే ఐదు మాటలు నాతుస్, పాస్సుస్, క్రుచిఫిక్సుస్, మోర్తువుస్, సెపుల్తుస్. జన్మించిన, శ్రమపడిన, సిలువ వేయబడిన, మరణించిన, సమాధి చేయబడిన అని అర్థము. ఐదును ఒకే అచ్చులో పోసినట్లు ఉన్నవి. కాని సిలువ వేయబడుట, సమాధి చేయబడుట మాత్రమే నిజమైన కర్మణులు. ఆ పనులు ఇతరులు చేశారు. జన్మించుట, శ్రమపడుట, మరణించుట అను మూడును దేపోనెన్స్ క్రియలు. రూపము కర్మణియే గాని పని ఆయనదే. ఆయన జన్మించారు, ఆయన శ్రమపడ్డారు, ఆయన మరణించారు. శ్రమపడుటకు లతీను మాట పాతియోర్. ప్రభువు శ్రమలకు పాస్సియో అను పేరు, వ్యాకరణములో కర్మణికి పాస్సివుమ్ అను పేరు ఈ ఒక్క మాట నుండియే పుట్టినవి. కర్మణి అను లతీను మాటకు అర్థము శ్రమను భరించునది అని.

కల, ఎడారి

రోమాలో చదువుకొన్న దినములలో జెరోము గారు ఆదివారములందు స్నేహితులతో కలసి నేల క్రింది సమాధులకు వెళ్లి వేదసాక్షుల గుంటలను దర్శించేవారు. ఆ చీకటి త్రోవల భయమును ముసలితనమున కూడ జ్ఞాపకము చేసికొని వ్రాశారు. అక్కడనే యౌవనమున జ్ఞానస్నానము పొందారు. తరువాత త్రియేరు నగరమునకును, అక్విలేయకును, అక్కడ నుండి సుమారు 373-374లో తూర్పు దేశములకును ప్రయాణమైనారు. ఇల్లు, చెల్లెలు, బంధువులు, మంచి భోజనము అన్నియు వదలగలిగారు గాని, రోమాలో కష్టపడి కూర్చుకొన్న పుస్తకములను మాత్రము వదలలేక వెంట మోసుకొని పోయారు.

ఆ ప్రయాణములో జ్వరము తగిలి మరణమునకు దగ్గరయ్యారు. అప్పుడు ఒక కల వచ్చినది. న్యాయాధిపతి ముందుకు తన్ను ఈడ్చుకొని పోయారట. నీవెవరవని అడుగగా క్రైస్తవుడనని చెప్పారట. కాదు, నీవు కికెరో శిష్యుడవు, నీ ధనము ఎక్కడనో నీ హృదయమును అక్కడనే అని తీర్పు వచ్చి కొరడా దెబ్బలు పడినవట. లోక పుస్తకములు ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొని మేలుకొన్నారు. ఈ కలను ఇతరులు చెప్పగా మనకు తెలియలేదు. సుమారు పది సంవత్సరముల తరువాత, 384లో, యూస్తోకియం అను కన్యకకు వ్రాసిన లేఖలో ఆయనే చెప్పుకొన్నారు. తాను దెబ్బలు తిన్న కథను తానే కర్తగా నిలిచి చెప్పుట సులభము కాదు.

పిమ్మట సిరియా దేశములోని ఖల్కిసు ఎడారిలో కొన్ని సంవత్సరములు తపస్సు చేశారు. శరీరము ఎండినను మనస్సు రోమా నగరపు నాట్యములలో తిరుగుచుండెనని దాచకుండ వ్రాశారు. ఆ మనస్సుకు కళ్లెము వేయుటకై, క్రైస్తవుడైన ఒక యూదుని దగ్గర హెబ్రీ భాష ఆరంభించారు. ఆ భాషలోని మాటలు బుసకొట్టునట్లును, ఆయాసపడునట్లును తోచినవట. పలుమార్లు విసిగి మానివేసి, పట్టుదలతో మరల మొదలుపెట్టారు. ఆ చేదు విత్తనము నుండి తీయని పండ్లు కోయుచున్నానని తరువాత కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

రోమా నగరమున

అంతియోకియలో గురుపట్టము పొంది, కొన్‌స్తాంతినోపిలులో కొంతకాలము ఉండి, 382లో రోమాకు తిరిగి వచ్చారు. పోపు దమాసు గారు ఆయనను తన దగ్గర ఉంచుకొని లేఖలు వ్రాయించుకొన్నారు. ఆ దినములలో లతీను సువిశేషముల ప్రతులు ఒకదానికొకటి పొసగకుండెను. వాటిని గ్రీకు మూలముతో సరిచూచి దిద్దవలసినదని పోపు గారు కోరారు. అలవాటైన మాటను మార్చినవానిని చదువుకొన్నవారును చదువురానివారును కలసి గ్రంథమును చెరిపినవాడని తిట్టుదురని జెరోము గారికి ముందే తెలుసు. అయినను ఒప్పుకొన్నారు. నాలుగు సువిశేషముల సవరణ 384 నాటికి ముగిసినది. అవసరమైన చోటనే మార్చి, మిగిలినది పాత ప్రతిలో ఉన్నట్లే ఉండనిచ్చారు.

ఇక్కడనే కర్మణి ప్రయోగము ఆయనకు పరీక్ష పెట్టినది. కొండమీది ప్రసంగములోని అష్టభాగ్యములలో దుఃఖించువారు ఓదార్చబడుదురని, నీతి కొరకు ఆకలిగొనినవారు తృప్తిపరచబడుదురని ఉన్నది. ఎవరిచేత? గ్రంథము చెప్పదు. యూదులు భయభక్తులవలన దేవుని నామమును ఉచ్చరించేవారు కారు గనుక, దేవుడు చేయును అనుటకు బదులు చేయబడును అని చెప్పుట వారిలో ఒక పద్ధతి. పండితులు దీనిని దైవ కర్మణి అంటారు. కర్త లేక కాదు, కర్త అంతటివాడు గనుక పేరు చెప్పలేదు. లతీనులో ఆ మొదటి మాట కొన్‌సొలాబూంతూర్. గ్రీకులో కర్మణి, లతీనులోను కర్మణి. కర్త పేరు చేర్చుట సులభమే అయినను ఆ మౌనము మౌనముగానే నిలిచినది.

కాని అన్ని చోట్ల ఇట్లు కుదరదు. దయగలవారు దయ చూపబడుదురని గ్రీకులో కర్మణి ఉన్నది. లతీనులో దయచూపు అను క్రియ మిసెరెయోర్. అది పుట్టుకతోనే ర్ తో ముగిసిన దేపోనెన్స్. ఇప్పటికే కర్మణి వేషములో ఉన్నదానికి మరల కర్మణి వేషము వేయుట కష్టము. అందువలన లతీను సువిశేషములో కొన్‌సెక్వేంతూర్ అను మరియొక దేపోనెన్స్ క్రియతో, దయను పొందుదురు అని ఉన్నది. విచిత్రమేమనగా మన తెలుగులోను అట్లే కనికరము పొందుదురు అని చదువుచున్నాము. బడు అతకని చోట మన భాష పొందు, పడు, తిను అను క్రియలను తెచ్చుకొనును. మాట పడ్డాడు, దెబ్బలు తిన్నాడు, దయ పొందాడు. చూచుటకు అతడే చేసినట్లుండును, నిజమునకు అతనికి జరిగినది.

అన్నిటికంటె ఎక్కువ వాదము పుట్టించిన మాట గాబ్రియేలు దూత మరియమ్మ గారికి చేసిన వందనములో ఉన్నది. గ్రీకులో అది ఒకే మాట, కర్మణి రూపము. కృపను పొందియున్న ఆమె, అనగా దేవుడు ముందే కృప చూపగా ఆ కృపలో నిలిచియున్న ఆమె అని భావము. లతీను సువిశేషములో గ్రాత్సియా ప్లేనా, కృపతో నిండిన ఆమె అని ఉన్నది. మన జపమాలలోని నిండిన అను మాట అక్కడ నుండి వచ్చినదే. నిండుదనము వచ్చినది గాని, నింపినవాని చేయి గ్రీకులో వలె క్రియలో కనిపించదు. పైగా అపోస్తలుల కార్యములలో స్తెఫాను గారిని గూర్చి గ్రీకులో వేరు మాట ఉన్నను లతీనులో నిండిన అను మాటయే వచ్చినది. కావున లతీను మాత్రమే చదువువానికి ఆ రెండు చోట్ల తేడా తెలియదు. పదునారవ శతాబ్దమున ఎరాస్ముసు వంటి పండితులు ఈ మాటను పట్టుకొని పెద్ద చర్చ చేశారు. మన ప్రొటెస్టెంటు సహోదరులు చదువు తెలుగు బైబిలులో దయాప్రాప్తురాలు అని ఉన్నది. దయను పొందినది అను కర్మణి భావము అందులో నిలిచినది. నింపినవాడు దేవుడే అని ఇరువురును ఒప్పుకొందురు. అయినను ఒక క్రియ రూపము మారగానే ఎన్ని తరముల వాదము పెరిగినదో చూడండి.

జెరోము గారి రోమా నివాసము ఎక్కువ కాలము సాగలేదు. మార్సెల్ల, పౌల మొదలగు గొప్పింటి స్త్రీలు ఆయన దగ్గర గ్రంథము నేర్చుకొనుచుండిరి. పౌల గారి కుమార్తె బ్లేసిల్ల చిన్నతనమున విధవరాలై, కఠిన ఉపవాసములకు పూనుకొని 384లో మరణించినది. ఆ పిల్లను ఉపవాసములతో చంపారని, ఈ సన్న్యాసులను పట్టణము నుండి వెళ్లగొట్టవలెనని జనులు గొణిగారు. ఆ సంవత్సరము డిసెంబరులో పోపు దమాసు గారును మరణించారు. అండ పోయినది. లోభులైన గురువులను, రంగులు పూసికొను స్త్రీలను ఎగతాళి చేసిన ఆయన కలము అప్పటికే చాలమందిని శత్రువులుగా చేసినది. 385 ఆగస్టులో ఓడ ఎక్కారు. జెరోము రోమా నుండి వెళ్లగొట్టబడెను అని చరిత్రలో ఒక్క మాటలో వ్రాయవచ్చును. ఎవరిచేత అని అడిగినచో అసూయపరులచేత అనుట సగము నిజము. తన నాలుకచేత అనుట తక్కిన సగము.

బేత్లెహేము

పౌల గారును, కుమార్తె యూస్తోకియం గారును వెంబడించగా, పుణ్యక్షేత్రములను, ఐగుప్తు తపస్వులను దర్శించి, 386లో ప్రభువు జన్మించిన బేత్లెహేములో స్థిరపడ్డారు. అక్కడ పురుషులకు ఒక మఠము, స్త్రీలకు మఠములు, యాత్రికులకు ఒక సత్రము లేచినవి. కట్టబడినవి అని వ్రాసి విడిచిపెట్టుట న్యాయము కాదు. పౌల గారు కట్టించారు. తన ఆస్తియంతయు వెచ్చించి, 404 జనవరిలో మరణించునాటికి కుమార్తెకు అప్పులు మాత్రమే మిగిల్చారు. ఆమె హెబ్రీ భాషను ఎంత బాగుగా నేర్చుకొన్నారనగా, లతీను యాస తగులకుండ కీర్తనలను హెబ్రీలో పాడేవారని జెరోము గారు సాక్ష్యమిచ్చారు. ఆయన తన గ్రంథములను పలుమార్లు ఈ తల్లీకూతుళ్ల పేరనే అంకితము చేశారు.

పాత నిబంధనను గ్రీకు నుండి గాక హెబ్రీ మూలము నుండి లతీనులోకి తెచ్చు పని సుమారు 390 నుండి 405 వరకు సాగినది. బరనీన అను యూద పండితుడు తన వారికి భయపడి రాత్రివేళ వచ్చి పాఠము చెప్పిపోయేవాడు. గ్రంథము అనువదింపబడెను అను వాక్యములో మరుగుపడిన కర్తలలో ఆ రాత్రి గురువును ఒకడు.

హెబ్రీ కర్మణి లతీను కర్మణి వంటిది కాదు. అందులో ఒకే రూపము చేయబడుట అనియు, తమకు తామే చేసికొనుట అనియు రెండు విధములుగా అర్థమగు చోట్లు ఉన్నవి. ఆదికాండము 12వ అధ్యాయములో దేవుడు అబ్రాహామునకు చేసిన వాగ్దానమున ఇట్టి రూపము ఉన్నది. భూమి మీది వంశములన్నియు అతని ద్వారా దీవింపబడునా, లేక అతని పేరు చెప్పి తమ్మును తాము దీవించుకొనునా? పండితులు నేటికిని వాదించుచున్నారు. జెరోము గారు బెనెదిచేంతూర్ అని తేట కర్మణి పెట్టారు. గ్రీకు అనువాదమును, పౌలు గారు గలతీయులకు వ్రాసిన లేఖయు అట్లే గ్రహించినవి. దీవించువాడు దేవుడు, మనుష్యుడు పొందువాడు అని తేల్చారు. కర్మణియా కాదా అను చిన్న ప్రశ్నలో సర్వజనుల రక్షణ అను పెద్ద విషయము నిలిచి ఉండుట ఇక్కడ చూస్తున్నాము.

అదే ఆదికాండము మొదట వెలుగును పుట్టించిన ఆజ్ఞ ఫియాత్. లతీనులో చేయు అను క్రియకు ర్ చేర్చిన కర్మణి వాడుకలో లేదు. దానికి బదులు అగు అను అర్థముగల ఫియో వచ్చును. మన తెలుగులో పని చేశాడు, పని అయినది అన్నట్లే. కొన్‌ఫీతెయోర్‌కు ఇది సరిగా ఎదురు. రూపము కర్తరి, అర్థము కర్మణి. పరలోక జపములో దేవుని చిత్తమును కోరు చోటను, మరియమ్మ గారు దూతకు ఇచ్చిన జవాబులోను లతీనులో ఈ ఫియాత్ అను మాటయే ఉన్నది. అదే జపములో దేవుని నామమును గూర్చి శాంక్తిఫిచేతూర్ అను కర్మణి ఉన్నది. మనము పూజింపబడు అని చెప్పుచున్నది దీనికే. ఆ నామమును ఎవరు పరిశుద్ధపరచవలెను? దేవుడే అని కొందరు, మనము అని కొందరు చెప్పుదురు. కర్మణి రెండు తలుపులను తెరచియుంచినది. అనువాదకుడు ఒకదానిని మూసివేయకుండుటయే ఇక్కడ నమ్మకత్వము.

తన అనువాద పద్ధతిని జెరోము గారు పమ్మాకియుసు అను స్నేహితునికి సుమారు 395లో వ్రాసిన లేఖలో వివరించారు. ఒక లేఖను తప్పుగా తర్జుమా చేశారని శత్రువులు నేరము మోపగా ఇచ్చిన జవాబు అది. మాటకు మాట గాక భావమునకు భావము చెప్పుదుననియు, పరిశుద్ధ గ్రంథములో మాత్రము మాటల వరుస కూడ ఒక మర్మమే గనుక అక్కడ జాగ్రత్త వేరనియు దాని సారాంశము. అయినను జనుల అలవాటు ముందు ఎవరి జాగ్రత్తయు చాలదు. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన సొరతీగను ఆయన ఐవీ తీగ అని మార్చగా, ఆఫ్రికాలోని ఓయ పట్టణపు దేవాలయములో పెద్ద అల్లరి జరిగినదని పునీత అగుస్తీను గారు 403లో ఆయనకు వ్రాశారు. ఆ మేత్రాణులవారు తన మందను పోగొట్టుకొను స్థితి వచ్చినదట. ఒక తీగ పేరుకే అంత కలత!

చివరి దినములు

ఆయన జీవితము మచ్చలేనిది అని మేము చెప్పము. బాల్య స్నేహితుడైన రూఫీను గారితో ఓరిగెను బోధలను గూర్చి వచ్చిన వాదము పగగా మారినది. రూఫీను మరణించిన తరువాత కూడ జెరోము గారి కలము అతనిని విడువలేదు. మన్నింపబడుదురు అను దైవ కర్మణిని సువిశేషములో అంత శ్రద్ధగా కాపాడిన చేయి, ఒక స్నేహితుని మన్నించుటలో వెనుకబడినది. పునీతులను మనము గౌరవించునది వారు తప్పు చేయలేదని కాదు. తప్పు చేసినను దేవుని పని విడువలేదని.

410లో అలారికు అను గోతు రాజు రోమాను దోచుకొన్నాడు. ఆ వార్త విని జెరోము గారి గొంతు పెగలలేదు. ఒకప్పుడు పట్టుబట్టలు కట్టినవారు బేత్లెహేములో చేయి చాచి నిలిచారు. యెహెజ్కేలు గ్రంథ వ్యాఖ్యానమును ప్రక్కకు పెట్టి వారికి సేవ చేశారు. ఇది మాటలను క్రియలుగా అనువదించు సమయము అను భావము ఆయన వ్రాతలో కనబడుచున్నది. 416లో దుండగులు వచ్చి మఠములను తగులబెట్టారు. కొంతకాలమునకు యూస్తోకియం గారు మరణించారు. కండ్లు మసకబారి, హెబ్రీ అక్షరములు దీపకాంతికి కనబడని స్థితిలో, 420 సెప్టెంబరు 30న ఆయన ప్రభువునందు నిద్రించారు అని సంప్రదాయము.

వుల్గాతా అని పేరు పొందిన ఆ లతీను బైబిలును 1546లో త్రెంతు మహాసభ ప్రమాణ గ్రంథముగా ప్రకటించినది. 1979లో రెండవ జాన్ పాల్ పోపు గారు దాని నూతన సవరణను వెలువరించారు. గ్రాత్సియా ప్లేనా అను మాట అందులోను మారలేదు. ఆయన పండుగ దినమైన సెప్టెంబరు 30ని 2017లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ అనువాద దినముగా నిర్ణయించినది. 2020లో పదునారు వందల సంవత్సరములు నిండినప్పుడు ఫ్రాన్సిసు పోపు గారు ఆయనను గూర్చి ఒక అపోస్తలిక లేఖ వ్రాశారు.

మన తెలుగున, మన శతాబ్దిలో

మన ఊళ్లలో ఎవరును ఇల్లు కట్టబడినది అనరు. ఇల్లు కట్టారు అంటారు. అన్నము వండబడినది అనరు, వండారు అంటారు. కర్త పేరు చెప్పకపోయినను ఎవరో చేశారన్న జాడ ఆ క్రియలో ఉన్నది. అయినను మన ప్రార్థనల తెలుగులో బడు అను మాట ఇంత ఎక్కువగా ఉండుటకు కారణము మూల భాషలలోని కర్మణియే. ఆ బడు వినుటకు బరువుగా ఉన్నదని మన పిల్లలు నవ్వుదురు. కొన్ని చోట్ల అది నిజముగా బరువే. అక్కడ పొందు, అగు, కలుగు అని మార్చుకొనవచ్చును. కాని ఓదార్చబడుదురు వంటి చోట, ఆ బడు వెనుక పేరు చెప్పని దేవుడు నిలిచియున్నాడని వారికి చెప్పవలెను.

మరి మన సంగతి? ఈ శతాబ్దికై మేము పాత నివేదికలు కొన్ని తిరుగవేశాము. దేవాలయము నిర్మింపబడినది, బడి తెరువబడినది, బావి త్రవ్వబడినది అని పుటల నిండ ఉన్నది. రాళ్లు మోసిన తల్లులు, గోడలు లేపిన మేస్త్రీలు, కాలినడకన పల్లె పల్లె తిరిగిన ఉపదేశులు ఆ బడు వెనుక మరుగుపడ్డారు. వారిలో బ్రతికియున్న వారి కుమారులను, మనుమరాండ్రను అడిగి, పేర్లు వ్రాసి పెట్టుకొనుట ఈ సంవత్సరము ప్రతి విచారణ చేయదగిన పని అని మా మనవి. పౌల గారి పేరును, రాత్రి గురువు బరనీన పేరును జెరోము గారు వ్రాసి పెట్టకపోయినచో నేడు మనకు తెలిసియుండునా?

ఆ నివేదికలలోనే మరియొక విధమైన వాక్యమును కలదు. కొన్ని పొరపాట్లు జరిగినవి, కొందరి మనస్సులు నొప్పింపబడినవి. ఇక్కడ కర్త మరుగుపడినది వినయము వలన కాదు, భయము వలన. మేలు జరిగిన చోట మన పేరు దాచుకొని దేవుని పేరు తలంచుకొనుట మంచిది. కీడు జరిగిన చోట బడు వెనుక దాగుకొనుట మంచిది కాదు.

అందుకే పీఠము మెట్ల దగ్గర బాల్యమున మేము అర్థము తెలియక పలికిన ఆ మాటకు మరల వచ్చుచున్నాము. కొన్‌ఫీతెయోర్ చూచుటకు ఏదో మనకు జరిగినట్లు కనబడును, నిజమునకు అది మనము చేయవలసిన క్రియ. జెరోము గారి లతీను కీర్తనలలో ఈ క్రియయే పాపమును ఒప్పుకొనుటకును, దేవుని స్తుతించుటకును వచ్చును. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మనకు ఆ రెండును కావలెను. పొందిన మేలులన్నిటికి కర్త ఆయన అని స్తుతించుదము. చేసిన తప్పులకు కర్తలము మేము అని ఒప్పుకొందము. మిగిలినది ఆయన చిత్తము, ఫియాత్.